కండలో దాక్కున్న కొవ్వు

ఆదివారం పొద్దున ఆరున్నరకే కొట్టు ముందు పది మంది ఉన్నారు. విజయవాడలో కరకట్టకు దగ్గరగా, పెద్ద రోడ్డుకు కనబడకుండా ఉండే పంది మాంసం కొట్టు అది. వచ్చినవాళ్ళలో ఇద్దరు హెల్మెట్లు తీయలేదు. తెలిసినవాళ్ళు చూస్తే ఇంటిదాకా మాట వెళ్తుందని వాళ్ళ భయం. నాకు ఆ బెడద లేదు. నా వంతు వచ్చేసరికి చింత మొద్దు మీద రెండు వెన్ను ముక్కలు పక్కపక్కన ఉన్నాయి. మొదటిదానికి బయట వేలి మందాన తెల్లటి కొవ్వు పొర ఉంది. లోపలి కండ మాత్రం లేత గులాబీ రంగులో, ఎక్కడా తెల్ల చుక్కన్నది లేకుండా ఉంది. రెండోది ముదురెరుపు. దాని బయటి పొర కాస్త పల్చన. కానీ కండ నిండా నూలు పోగుల్లాంటి తెల్ల గీతలు, వాటి మధ్య ఆవగింజంత చుక్కలు.

“ఇది సీమది మాస్టారూ, ఇది నాటుది. నాటుదానికి రేటు కొంచెం ఎక్కువ.” సీమది అంటే విదేశీ జాతిది.

“ఎందుకయ్యా?”

“రుచి మాస్టారూ. దాని జాతే అంత” అని కత్తి ఎత్తాడు.

ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. “జాతే అంత” అన్న మాట విని, కిలో కొట్టించుకుని ఊరికే ఇంటికి వచ్చేస్తే ఇన్నేళ్ళు తీసుకున్న జీతానికి అర్థం ఉండదు. ఆ రెండు ముక్కల మధ్య తేడా నిజంగా జాతిదేనా? అంటే జన్యువులదేనా? అయితే ఏ జన్యువులవి?

మన భాషలో కొవ్వు అంటే ఒకటే కొవ్వు. “వాడికి కొవ్వెక్కింది” అంటే ఎక్కడ ఎక్కిందని ఎవరూ అడగరు. పంది విషయంలో అసలు ప్రశ్న అదే. పంది ఒంట్లో కొవ్వుకు నాలుగు గిడ్డంగులు ఉన్నాయి. కడుపులో మూత్రపిండాల చుట్టూ ఒకటి, చర్మం కింద ఒకటి, కండకూ కండకూ మధ్య ఒకటి, కండ లోపల ఒకటి. దాదాపు ఇదే వరుసలో అవి నిండుతాయి. కండ లోపలిది అన్నిటికన్నా ఆలస్యంగా నిండుతుంది. ఈ ఆలస్యం సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

కండను కట్టెల మోపులా ఊహించుకోండి. సన్నటి కండర తంతువులు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక్కో కట్ట చుట్టూ పల్చటి పొర ఉంటుంది. ఆ కట్టల సందుల్లో, రక్తనాళాల వెంబడి, కొవ్వు కణాలు గుంపులుగా చేరతాయి. మొద్దు మీద నేను చూసిన తెల్ల గీతలు అవే. వండేటప్పుడు ఈ కొవ్వు కరిగి తంతువుల మధ్య జారుతుంది. అందుకే ముక్క పంటి కింద పీచులా సాగదు. బయటి పొరను కత్తితో తీసి అవతల పారేయవచ్చు, లోపలిదాన్ని ఎవరూ తీయలేరు. లేకపోతే వంటింట్లో చేర్చనూ లేరు.

ఈ రెండు గిడ్డంగులకు తాళాలు వేరు. పూర్తిగా వేరని కాదు. రెండు లక్షణాల మీద ఒకే జన్యువుల ప్రభావం ఎంత ఉందో కొలిచే లెక్క ఒకటి ఉంది. పూర్తిగా ముడిపడితే 1, అసలు ముడి లేకపోతే 0. వీపు కొవ్వుకూ కండ లోపలి కొవ్వుకూ మధ్య ఈ అంకె చాలా అంచనాల్లో 0.3 దరిదాపుల్లో వచ్చింది. అంటే ఒకటి పెరిగితే రెండోది కొద్దిగా పెరుగుతుంది గానీ ముడి వదులుగానే ఉంది. పైన పొర మందంగా ఉండి లోపల చుక్క తెలుపు లేని ఆ మొదటి ముక్క వింతేమీ కాదన్నమాట.

ముడి వదులుగా ఉన్నా దాన్ని ఏళ్ళ తరబడి లాగితే ఏమవుతుందో గత శతాబ్దం రెండో సగంలో పాశ్చాత్య దేశాలు చూశాయి. వంటకు పంది కొవ్వు వాడిన రోజులు పోయి గింజల నూనెలు వచ్చాయి. కొవ్వు పొర చూస్తే కొనేవాడు మొహం తిప్పుకోవడం మొదలైంది. పెంచేవాడికీ కొవ్వు నష్టమే. కండలో ముప్పావు వంతు నీళ్ళే ఉంటాయి. కొవ్వులో నీళ్ళు చాలా తక్కువ, గ్రాముకు తొమ్మిది కేలరీల శక్తి. కిలో కండకన్నా కిలో కొవ్వు పెంచడానికి ఎంతో ఎక్కువ మేత కావాలి. దాంతో గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షే పందులకూ మొదలైంది. బతికి ఉండగానే వీపు మీద పరికరం ఆనించి పొర మందం చూసి, పల్చటివాటినే పిల్లలకు ఉంచారు. తరం వెనుక తరం అలాగే చేశారు. పొర సగానికి తగ్గింది. దాని వెంట, ఎవరూ కోరకుండానే, లోపలి కొవ్వు కూడా జారిపోయింది. లార్జ్ వైట్ యార్క్‌షైర్, ల్యాండ్‌రేస్, పియెట్రేన్ లాంటి జాతుల కండలో అది ఒకటి నుంచి రెండు శాతం మధ్యకు వచ్చింది. ముక్క మెత్తగా, రసంగా ఉండాలంటే రెండు, రెండున్నర శాతమైనా ఉండాలని మాంసం పరీక్షించేవారు చెప్పే మాట. ఎర్రటి అమెరికన్ డ్యూరాక్ జాతిలో రెండు నుంచి నాలుగు ఉంటుంది. చైనా షాన్‌డాంగ్ ప్రాంతపు లైవూ పందిలో పది శాతం దరిదాపు. ఒకే జంతువు, ఒకే వెన్ను కండ, పదింతల వరకూ తేడా.

ఇక్కడ జన్యువుల వాటా ఎంత? పుస్తకాలు ఇచ్చే జవాబు అనువంశికత అనే అంకె. కండ లోపలి కొవ్వుకు అది సగటున 0.5. ఈతకు ఎన్ని పిల్లలు పుడతాయన్నదానికి 0.1 మాత్రమే అని గుర్తుంచుకుంటే 0.5 ఎంత పెద్దదో అర్థమవుతుంది. కానీ ఈ అంకెను నా విద్యార్థులే కాదు, తోటి లెక్చరర్లు కూడా తప్పుగా చదవడం చూశాను. “పంది కొవ్వులో సగం జన్యువులది, సగం మేతది” అనేస్తారు. అది తప్పు.

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి చూడండి. ఇద్దరు రైతుల మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పక్కపక్కన ఉంటాయి. ఒక రైతు పొలంలో, ఒకే నేలలో, ఒకే నీటితో, వంద మొక్కలు రకరకాల విత్తనాలతో పెరిగాయనుకోండి. ఆ వంద మొక్కల కాయల ఘాటులో తేడాలకు ఎక్కువగా విత్తనమే కారణం అవుతుంది. అనువంశికత అక్కడ ఎక్కువ. ఇప్పుడు రెండో రైతు అవే విత్తనాల కలగలుపును చౌడు నేలలో, నీళ్ళు చాలక పెంచాడనుకోండి. అతని చేలో కూడా మొక్కకూ మొక్కకూ తేడా విత్తనానిదే. కానీ మొదటి చేనికీ రెండో చేనికీ మధ్య తేడా విత్తనానిది కాదు, నేలదీ నీళ్ళదీ. అనువంశికత ఒక చేను లోపలి తేడాల గురించి మాట్లాడుతుంది. రెండు చేల మధ్య తేడా గురించి అది నోరెత్తదు.

ఫారంలో పెరిగిన సీమ పంది ఒక చేను. పేటలో తిరిగి పెరిగిన నాటు పంది ఇంకో చేను. 0.5 అన్న అంకెను పట్టుకుని “అందుకే నాటుది రుచి, జాతి మహిమ” అంటే లెక్క తప్పినట్టే. కొట్టతను చేసింది అదే. అతన్ని అని లాభం లేదు, చదువుకున్నవాళ్ళమూ రోజూ మనుషుల విషయంలో ఇదే తప్పు చేస్తుంటాం.

అయినా జన్యువులు ఉన్నాయి, పనిచేస్తున్నాయి. వాటిని వెతికిన కథ కొవ్వుతో కాకుండా చావుతో మొదలైంది.

1970లలో యూరప్ ఫారాల్లో ఒక పరీక్ష ఉండేది. పంది పిల్ల మూతికి మాస్క్ పెట్టి హాలోథేన్ అనే మత్తువాయువు పీల్పించేవారు. చాలా పిల్లలు సోలిపోయి పడుకునేవి. కొన్నిటికి మాత్రం కాళ్ళు కర్రల్లా బిగుసుకునేవి. మాస్క్ వెంటనే తీయకపోతే ఒళ్ళు పేలాలు వేగేంత వేడెక్కి చచ్చిపోయేవి. అలా బిగుసుకునేవే పెద్దయ్యాక పిరుదులు ఉబ్బి, కండపట్టి, కొవ్వు తక్కువగా ఉండేవి. పెంపకందారులు కొవ్వు తక్కువ పందులను ఏరుకుంటూ పోయి, తమకు తెలియకుండానే ఈ జబ్బును కూడా ఏరుకున్నారు. అవి లారీలోకి ఎక్కించే తోపులాటకే గుండె ఆగి పడిపోయేవి. బతికి కబేళా చేరినవాటి మాంసం పాలిపోయి, చెమ్మగిల్లి, నీళ్ళు కారేది. 1991లో కెనడా పరిశోధకులు కారణం పట్టుకున్నారు. కండర కణంలో కాల్షియాన్ని వదిలే తలుపు లాంటి ప్రొటీన్ ఒకటి ఉంది. దాన్ని తయారుచేసే ఆర్‌వైఆర్1 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది (డీఎన్‌ఏ రాతకు ‘ఏ’, ‘టీ’, ‘జీ’, ‘సీ’ అని నాలుగే అక్షరాలు). ఫలితంగా ప్రొటీన్‌లో 615వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట సిస్టీన్ వచ్చి కూర్చుంది. తలుపు ఒకసారి తెరుచుకుంటే మూసుకోవడం లేదు. డీఎన్‌ఏ పరీక్ష వచ్చాక చాలా దేశాలు ఈ మార్పును తమ మందల నుంచి దాదాపుగా తుడిచేశాయి.

ఇది పాఠ్యపుస్తకపు జన్యువు. ఒక అక్షరం, ఒక ఫలితం, మెండెల్ బఠాణీల లెక్కలాగా శుభ్రంగా ఉంటుంది. కండ లోపలి కొవ్వుకు కూడా ఇలాంటి జన్యువు ఒకటి దొరుకుతుందని ఆశపడటం సహజం. 1994లో స్వీడన్ శాస్త్రవేత్తలు యూరప్ అడవి పందినీ లార్జ్ వైట్‌నీ కలిపి, మనవల తరంలో 200 పందుల డీఎన్‌ఏను వెతికారు. కొవ్వు మీద బలమైన ప్రభావం చూపే చోటు ఒకటి నాలుగో క్రోమోజోమ్ మీద కనబడింది. పందుల్లో ఇలా ఒక కొలిచే లక్షణాన్ని క్రోమోజోమ్ మీద ఫలానా చోటికి తెచ్చి నిలబెట్టడం అదే మొదలు. ఆ తర్వాత ఇలాంటి చోట్లు ఒకటి రెండు కాదు, వేలల్లో నమోదయ్యాయి. పందికి ఉన్నవి 19 జతల క్రోమోజోములే. ఎక్కడ చేయి పెట్టినా కొవ్వు తగులుతోందంటే అర్థం ఒకటే. కండలో కొవ్వన్నది ఒక్కరి సంపాదన కాదు, ఉమ్మడి కుటుంబం ఖాతా. వందల జన్యువులు తలా కాస్తా వేస్తాయి, తలా కాస్తా తీస్తాయి.

ఆ కుటుంబంలో ఐదుగురు పెద్ద చేతులవాళ్ళను మాత్రం చూడాలి.

అందరికన్నా చిత్రమైనది ఐజీఎఫ్2. పిండ దశలోనూ పుట్టాకా కండ పెరగమని చెప్పే హార్మోన్‌కు ఇది జన్యువు. ప్రతి పిల్లకూ దీని ప్రతులు రెండు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కానీ కండలో పనిచేసేది తండ్రి నుంచి వచ్చిన ప్రతే. తల్లి ఇచ్చినదాని మీద రసాయన ముద్ర పడి నోరు మూసుకుని కూర్చుంటుంది. 2003లో స్వీడన్‌లోని ఉప్సలా, బెల్జియంలోని లియేజ్ బృందాలు ఈ జన్యువులో ఒక అక్షరం మార్పును పట్టుకున్నాయి. ‘జీ’ ఉండాల్సిన చోట ‘ఏ’ ఉంది. విచిత్రం ఏమిటంటే ఈ అక్షరం ప్రొటీన్‌ను రాసే భాగంలో లేదు. మధ్యలో ఉండే, ఒకప్పుడు పనికిరానిదని మేము పిల్లలకు చెప్పిన ఇంట్రాన్ భాగంలో ఉంది. అక్కడ కూర్చుని ఈ జన్యువు నోరు నొక్కే కాపలా ప్రొటీన్ ఒకటుంది. పేరు జెడ్‌బీఈడీ6, దాన్ని 2009లో గుర్తించారు. అక్షరం మారగానే ఆ కాపలాదారుకు పట్టు దొరకదు. కండలో హార్మోన్ మూడింతలవుతుంది. కండ మూడు నాలుగు శాతం పెరుగుతుంది, వీపు కొవ్వు తగ్గుతుంది.

ఇందులో వ్యాపార రహస్యం ఒకటి ఉంది. తల్లి పంది మరీ బక్కగా ఉంటే పాలు చాలవు, మళ్ళీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. దానికి ఒంట్లో నిల్వ కొవ్వు కావాలి. అమ్మే పిల్లలకు మాత్రం కండ కావాలి. ఈ జన్యువుతో రెండూ కుదురుతాయి. తల్లుల మందలో పాత జీ అక్షరం ఉంచి, మగపందిలో ‘ఏ’ అక్షరం రెండు ప్రతుల్లోనూ ఉండేలా చూస్తే పిల్లలన్నీ కండపట్టి పుడతాయి. తల్లి ఇచ్చిన ప్రతి ఎలాగూ నోరు విప్పదు. మెండెల్ బఠాణీల్లో ఎవరి నుంచి వచ్చిందన్న తేడా లేదు. ఇక్కడ ఆ తేడాయే మొత్తం కథ.

రెండో చేయి కండలో ఉండదు, మెదడులో ఉంటుంది. ఎంసీ4ఆర్ అనేది ఆకలి తీరిందని చెప్పే తీగకు గ్రాహకం, అంటే కబురు అందుకునే ప్రొటీన్. 2000లో అమెరికాలోని అయోవాలో ఈ ప్రొటీన్ 298వ స్థానంలో మార్పు ఒకటి బయటపడింది. ఆ మార్పు ఉన్నవి ఎక్కువ తింటాయి, తొందరగా పెరుగుతాయి, కొవ్వు పడతాయి. మనుషుల్లోనూ ఇదే జన్యువు చెడిపోతే ఊబకాయం వస్తుంది. మూడోది దానికి చుట్టమే, లెప్టిన్ గ్రాహకం. కొవ్వు నిండిన కణాలు “ఇక చాలు” అని లెప్టిన్ పంపుతాయి. ఓక్ చెట్ల ఎకార్న్ గింజలు తిని బలిసే స్పెయిన్ ఐబీరియన్ పందిలో ఈ గ్రాహకపు ప్రత్యేక రూపం దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. వాటి రక్తంలో లెప్టిన్ పుష్కలం, అయినా తినడం ఆపవు. కబురు వెళ్తోంది, వినేవాడే లేడు. ఈ రూపం ఉన్న పందుల్లో వీపున, కండలో కూడా కొవ్వు పెరుగుతుంది. అంటే ఈ రెండు జన్యువులూ అన్ని గిడ్డంగులకూ సరుకు తోలే లారీల్లాంటివి. లోపలి గిడ్డంగిని మాత్రమే నింపే మంత్రం వీటి దగ్గర లేదు.

ఆ మంత్రానికి కాస్త దగ్గరగా వచ్చిన నాలుగోది కొరియాలో దొరికింది. జేజు ద్వీపపు నల్ల పందికీ ల్యాండ్‌రేస్‌కూ పుట్టిన సంతతిలో వెతికి, 2019లో ఎంవైహెచ్3 అనే జన్యువు దగ్గర ఒక మార్పును ప్రకటించారు. ఇది కొవ్వు జన్యువు కానే కాదు, కండర తంతువుకు కావలసిన ప్రొటీన్‌ది. కండ తంతువులు రెండు రకాలు. చప్పున బిగిసి చప్పున అలసిపోయే తెల్లవి, నిదానంగా చాలాసేపు పనిచేసే ఎర్రవి. ఎర్రవి కొవ్వును ఇంధనంగా మండిస్తాయి, కనుక దగ్గర ఉంచుకుంటాయి. ఆ మార్పు ఉన్న పందుల్లో నిదానపు తంతువుల వాటా పెరిగింది, కండ ఎర్రబడింది, లోపలి కొవ్వు ఎక్కువైంది. మొద్దు మీద రెండో ముక్క ఎందుకు ముదురెరుపుగానూ గీతలతోనూ ఒకేసారి ఉందో నాకు అప్పుడు కొంత వెలిగింది. రంగు, కొవ్వు రెండూ చాలాసార్లు ఒకే దారిలో నడుస్తాయి.

ఐదోది కొవ్వు ఎంత అన్నదాన్ని కాక, ఎలాంటిది అన్నదాన్ని మారుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. కొవ్వులో ప్రధానంగా ఉండేవి కొవ్వు ఆమ్లాలు. స్టియరిక్ ఆమ్లం కరగాలంటే 69 డిగ్రీల వేడి కావాలి. ఒలీయిక్ ఆమ్లం పద్నాలుగు డిగ్రీలలోపే కరుగుతుంది, అంటే విజయవాడలో దాదాపు ఏ రోజైనా నూనెగానే ఉంటుంది. రెండింటికీ తేడా రెండే రెండు హైడ్రోజన్ పరమాణువులు. స్టియరిక్ నుంచి ఆ రెంటినీ తీసేసి ఒలీయిక్‌గా మార్చే ఎంజైమ్‌కు జన్యువు ఎస్‌సీడీ. దాని ముందుండే మీట భాగంలో ఒక అక్షరం టీ అయితే ఒలీయిక్ ఎక్కువ, సీ అయితే తక్కువ. కొవ్వు మొత్తం మాత్రం మారదు. స్పెయిన్‌లోని లేయిడా విశ్వవిద్యాలయం డ్యూరాక్ పందుల్లో ఈ సంగతి తేల్చింది. కాబట్టి ఒక పంది కండలో మూడు శాతం కొవ్వు ఉంది అంటే సగమే చెప్పినట్టు. నోట్లో కరిగే మూడు శాతమా, అంగిట్లో అంటుకునే మూడు శాతమా అన్నది వేరే జన్యువు చేతిలో ఉంది.

ఒక పక్కమాట. శరీరంలో కొవ్వును నేరుగా వేడిగా మార్చేసే జన్యువు ఒకటి, యూసీపీ1, చాలా క్షీరదాల్లో ఉంది. పందుల పూర్వీకులు దాన్ని కోట్ల ఏళ్ళ కిందటే పోగొట్టుకున్నారు. అందుకే అప్పుడే పుట్టిన పంది పిల్లలు చలికి అంతగా వణుకుతాయి, డిసెంబరులో వాటికి బల్బు పెట్టాలి. 2017లో చైనా శాస్త్రవేత్తలు ఎలుక నుంచి ఆ జన్యువును తెచ్చి పందిలో అతికించారు. పిల్లలు చలికి తట్టుకున్నాయి, పెద్దయ్యాక కొవ్వు దాదాపు ఐదు శాతం తగ్గింది.

వందల జన్యువులు తలా కాస్తా వేసే ఖాతాను ఒక్కొక్కరిని పిలిచి అడిగి తేల్చలేం. అందుకని పెద్ద కంపెనీలు ఇప్పుడు ఆ ప్రయత్నం మానేశాయి. రక్తపు చుక్కలోని డీఎన్‌ఏను చిప్ మీద పెట్టి, 60 వేలకు పైగా చోట్ల అక్షరాలు ఒకేసారి చదివి, అన్నిటి చిన్న చిన్న వాటాలూ కూడి పిల్ల పుట్టిన రోజే మార్కులు వేస్తున్నాయి. ఏ జన్యువు ఏం చేస్తుందో తెలియకపోయినా ఫరవాలేదు. నాలాంటి పాఠం చెప్పేవాడికి ఇది కొంచెం నిరాశే. ఫలితం మాత్రం పనిచేస్తోంది.

ఇక మన సంగతికి వద్దాం. తెల్లటి సీమ పందులు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. స్వాతంత్ర్యం తర్వాత దేశంలో కొన్నిచోట్ల బేకన్ ఫ్యాక్టరీలు పెట్టినప్పుడు వాటిలో ఒకటి విజయవాడ పక్కనే ఉన్న గన్నవరంలో వచ్చింది. మేలు జాతి పందుల పెంపకం దాంతో పాటే వచ్చింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన టీ-17 సంకర రకంలో ముప్పావు వంతు యార్క్‌షైర్, పావు వంతు నాటు. దాంతో కొట్టులో “సీమది” అన్నదల్లా అచ్చం సీమది అనుకోనక్కర్లేదు. యార్క్‌షైర్ తెలుపు వెనుక ఉన్నది కిట్ అనే జన్యువు, అది బహిర్గత లక్షణం, అంటే ఒక్క ప్రతి ఉన్నా బయటపడుతుంది. నల్ల నాటు పందికి తెల్ల యార్క్‌షైర్ తోడైతే పిల్లలు తెల్లగా పుడతాయి, చాలావాటికి అక్కడక్కడ నల్ల మచ్చలుంటాయి. ఇక్కడ మాత్రం పాఠ్యపుస్తకం మాట చెల్లుతుంది.

అసలు ప్రశ్నకు జవాబు వెతుకుతూ తర్వాతి ఆదివారం మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. జనం తగ్గాక అడిగాను.

“నాటుదానికి వయసెంత ఉంటుందయ్యా?”

“ఏడాదిన్నర పైనే మాస్టారూ. అది ఎదగదుగా.”

“సీమదానికి?”

“ఏడు నెలలు. బరువు దీనికన్నా ఎక్కువే తూగింది.”

ఇక్కడే ఇందాకటి ఆలస్యం సంగతి. కండ లోపలి గిడ్డంగి చివరికి నిండుతుంది. ఏడు నెలలకు కోసిన పందిలో అది తెరుచుకునే దశలో ఉంటుంది. ఏడాదిన్నర బతికినదాంట్లో నిండటానికి కావలసినంత వ్యవధి దొరికింది. రెండు పందులను ఒకే వయసులో కోస్తే ఒక జవాబు, ఒకే బరువులో కోస్తే ఇంకో జవాబు వస్తాయి. మొద్దు మీద ఉన్నవి వయసులోనూ కలవవు, బరువులోనూ కలవవు.

“ఏం తింటాయి?”

“సీమదానికి దాణా బస్తాలు. నాటుదానికి హోటళ్ళ అన్నం, తవుడు, కూరగాయల తుక్కు.”

ఈ జవాబు విని నవ్వు వచ్చింది. కండ లోపలి కొవ్వు పెంచడానికి పరిశోధన ఫారాల్లో కావాలని చేసే పని ఒకటుంది. మేతలో శక్తి తగ్గించకుండా ప్రొటీన్, ముఖ్యంగా లైసిన్ అనే అమైనో ఆమ్లం, తగ్గిస్తారు. కండ పెరగడానికి ఇటుకలు చాలవు. మిగిలిన శక్తి కొవ్వుగా మారుతుంది, అందులో కొంత కండ సందుల్లోకి చేరుతుంది. లైసిన్ తక్కువగా ఉండేవి ఏవంటే ధాన్యాలు, అందులో మన అన్నం. హోటల్ వెనుక వాకిట్లో ఆ ప్రయోగం ఖర్చు లేకుండా రోజూ జరుగుతోంది. తవుడు సంగతి ఇంకా ఉంది. ఆవు తిన్న నూనెను దాని పొట్టలోని సూక్ష్మజీవులు మార్చేస్తాయి. పందికి అలాంటి పొట్ట లేదు. తిన్న కొవ్వు ఆమ్లాలు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే ఒంట్లో చేరతాయి. తవుడు నూనెలో ఒలీయిక్ దాదాపు 40 శాతం. ఎస్‌సీడీ జన్యువు టీ అయినా సీ అయినా, తవుడు తిన్న పంది కొవ్వు మెత్తబడుతుంది. మరీ ఎక్కువ పెడితే కత్తికి నిలవనంత జారుగా కూడా అవుతుంది. ఇక తిరుగుడు. రోజంతా మైళ్ళు నడిచే జంతువు కండలో ఎర్ర తంతువులకు పని ఎక్కువ.

తరతరాలుగా ఈ పందులను పెంచిన ఎరుకల కుటుంబాల పెద్దలను అడిగితే ఇంత శాస్త్రం లేకుండానే సగం చెబుతారు. ఎప్పుడు కోయాలో, కోసే ముందు నెల ఏం పెట్టాలో వాళ్ళకు చేతి లెక్క. జాతి గొప్పదనం గురించి వాళ్ళు మాట్లాడగా నేను వినలేదు.

“ఇంకొక్కటి చెప్పు. దీని తండ్రి ఏది?”

కొట్టతను కత్తి ఆపి నా వైపు చూశాడు. ఐజీఎఫ్2 గురించి అతనికి చెప్పలేదు, ఆదివారం పూట ఎందుకని.

“నాటు పందికి తండ్రెవరంటే ఏం చెబుతాం మాస్టారూ? తల్లికే తెలియాలి” అని పక్కనున్న గంపలోంచి తల తీసి మొద్దు మీద పెట్టాడు. పొద్దున కాల్చిన వెంట్రుకల మసి చెవి దగ్గర తుడిచి ఉంది. ఆ చెవి తెల్లగా ఉంది. దాని మీద రెండు నల్ల మచ్చలు.